ఏడు నిమిషాల ముందు మోగిన సైరన్

పుంగనూరు పాతబజారు వెనక ఉన్న ఆ సందుకి మునిసిపాలిటీవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. బోర్డు కూడా ఉంది. అయినా ఆ పేరు చెప్పి ఆటో ఎక్కితే ఊరంతా తిప్పుతారు. గడియారాల బాబు సాహెబ్ సందు అంటే మాత్రం నేరుగా తెచ్చి దించుతారు. ఆ బాబు సాహెబ్‌కి ఒక్కతే కూతురు, జువేరియా. మదనపల్లెలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతుంది. మనిషి నెమ్మది, పని గట్టిది. ఆ పిల్ల చేతుల మీదుగానే ఆ ఇంటికి అంత కష్టం వచ్చిందంటే ఇప్పటికీ నాకు మనసొప్పదు.

బాబు సాహెబ్ ఒకప్పుడు బట్టల అంగడి మెట్ల కింద అద్దాల పెట్టె పెట్టుకుని వాచీలు బాగుచేసేవాడు. ఒంటికన్ను భూతద్దం పెట్టుకుని వంగాడంటే పక్కన బాంబు పడినా తల ఎత్తేవాడు కాదు. సెల్‌ఫోన్లు వచ్చి వాచీల నోట్లో మట్టి కొట్టాయి. ఆయన దానికీ పెద్దగా బాధపడలేదు. ఎందుకంటే ఆయనకి ఇంకో పని ఉంది. రంజాన్ నెలంతా సాయంత్రం రోజా, అంటే ఉపవాసం, విడిచే సైరన్ వేసేది ఆయనే. ఇంటి గోడకి ఆనుకునే ఉంటుంది వాళ్ళ సందు మసీదు. ముప్పై ఏళ్ళుగా ఆయన మసీదు మెట్లెక్కి, చేతి వాచీ చూసుకుని, స్విచ్ నొక్కాడు. ఆ సైరన్ అయ్యాకే మసీదులో అజాన్ ఇస్తారు, ఆ సైరన్ అయ్యాకే సందులో ఖర్జూరం నోట్లో పెట్టుకుంటారు. బాబు సాహెబ్ సైరన్ మోగాక మళ్ళీ గడియారం వంక చూసేవాళ్ళు ఆ సందులో లేరు. పెద్దమనిషికి అంతకంటే మర్యాద ఏం కావాలి?

ఆ మర్యాదకే గండం వచ్చింది. ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ముందు వాచీ మరలు పట్టుకునే చిమటా జారిపోయేది, తర్వాత చాయ్ గ్లాసు జారిపోయేది. అంగడి మూసేశాడు. మోకాళ్ళు కూడా మొరాయించాక మసీదు పైకి ఎక్కడం మానేసి, కిందే కుర్చీలో కూర్చుని నమాజు చదువుకునేవాడు. మసీదు కమిటీ పెద్ద తాహిర్ చింతపండు వ్యాపారి, మాట మెత్తన. ఒకరోజు ఇంటికొచ్చి, "ఈ రంజాన్‌కి సైరన్ పని ఇంకెవరికన్నా అప్పజెప్తాం భాయ్, మీకు యాల శ్రమ" అన్నాడు. ఆ పూట బాబు సాహెబ్ అన్నం ముట్టలేదు. భార్య కమరున్నీసా ఎంత బతిమాలినా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అదంతా జువేరియా చూసింది. ఆ పిల్లకీ దెబ్బలు కొత్త కాదు. కుప్పంలో ఇంజినీరింగ్ చదివింది. చదువయ్యాక బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఏడాది తిరక్కుండా పోయింది. ఎందుకు పోయిందో ఆ కంపెనీవాళ్ళనే అడగాలి. ఊరికి తిరిగొచ్చి, రోజూ బస్సులో మదనపల్లె వెళ్ళి పాఠాలు చెబుతూ, ఆదివారాలు ఇంటి ముందుగదిలో సందులోని ఆడపిల్లలకి ఊరికే కంప్యూటర్ నేర్పుతూ రోజులు నెట్టుకొస్తోంది. ముందుగదిలో ఉన్నది పాత డెస్క్‌టాప్. దాన్లో లినక్స్ వేసుకుంది. కుప్పం కాలేజీ ల్యాబ్‌లో ముసలి కంప్యూటర్లతో వేగీ వేగీ నేర్చుకున్న విద్య అది.

"అబ్బా, సైరన్ నేను కంప్యూటర్‌లో పెడతాను. మన ఇంటినుంచే మోగుతుంది. మీ పని మీ దగ్గరే ఉంటుంది" అంది తండ్రితో.

వాళ్ళింట్లో మాట సగం దఖ్నీ ఉర్దూ, సగం తెలుగు. ఆయన తెలుగులోనే అడిగాడు. "ఆదివారం పిల్లోళ్ళు వస్తారు కదా బేటా, వాళ్ళు ఏందన్నా కెలికితే?"

అందుకే కంటైనర్‌లో పెట్టింది. కంటైనర్ అంటే ఏమిటో ఆయనకి చెప్పిన మాటే ఇన్‌స్టిట్యూట్‌లోనూ చెబుతుంది. కంప్యూటర్ పెద్ద ఇల్లు, కంటైనర్ అందులో ఒక అద్దె గది. దాని తలుపు దానిది, దాని సామాను దానిది. బయట పిల్లలు ఎంత అల్లరి చేసినా లోపలివాడికి పట్టదు. అయితే అద్దె గది గోడ మీద ఏమీ రాసుకోకూడదు. గది ఖాళీ చేసి మళ్ళీ ఇచ్చేటప్పుడు సున్నం కొట్టేస్తారు. ఉంచుకోవాల్సినవి బయట సొంత పెట్టెలో పెట్టుకోవాలి. ఆ సొంత పెట్టె అంటే బయట ఉండే సెట్టింగుల ఫైలు. ఈ మాట ఎన్ని బ్యాచ్‌లకి చెప్పిందో లెక్కలేదు.

చెన్నైలో ఎవరో పుణ్యాత్ముడు నమాజు వేళలు లెక్కగట్టే ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. జువేరియా దాన్ని తెచ్చి కంటైనర్‌లో పెట్టింది. మొదట సైరన్ మోగుతోందని తెర మీద కనిపించేది గాని చప్పుడు వచ్చేది కాదు. అద్దె గదిలోకి సౌండ్ కార్డు వైరు పోలేదన్నమాట. దాన్ని లోపలికి లాగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తర్వాత గడియారం పేచీ. కంటైనర్ లోపల టైము అయిదున్నర గంటలు వెనక ఉంది. బాబు సాహెబ్ చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాడు.

"నీ పెట్టె ఇంగ్లీషోళ్ళ గడియారం సూస్తాండాది బేటా!"

ఆ రెండు సవరణలూ జువేరియా బయటి ఫైల్లోనే రాసింది. ఇంటి నుంచి గోడ మీదుగా మసీదు హారన్‌కి వైరు లాగించారు. తాహిర్ కూడా వచ్చి చూసి, సంతోషపడి, సరేనని వెళ్ళాడు.

నెలవంక కనిపించే సాయంత్రం వచ్చింది. మసీదువాళ్ళు పంచిన రంజాన్ కార్డుతో తెర మీది వేళల్ని సరిచూస్తే ఏడు నిమిషాల తేడా కనిపించింది. ప్రోగ్రాం రాసినవాడు చెన్నైవాడు కాబట్టి అందులో ఊరు చెన్నై అని ఉంది. చెన్నైలో పొద్దు మనకంటే ముందు గుంకుతుంది. జువేరియా అప్పటికే నడుస్తున్న కంటైనర్ లోపలికి వెళ్ళి, చెన్నై తీసేసి పుంగనూరు పెట్టింది. వేళలు కార్డుతో అతికినట్టు సరిపోయాయి. ఇక బయటి ఫైల్లో కూడా రాద్దామనుకుంటుండగానే సందులో కేక వినిపించింది, చంద్రుడు కనిపించాడని. మిద్దెల మీద జనం, ఆలింగనాలు, సలాములు. కమరున్నీసా వంటింట్లోంచి తెల్లవారుజాము సహెరీ వంటకి ఉల్లిపాయలు తరగమని పిలిచింది. రేపు రాద్దాంలే అనుకుని లేచింది. ఆ రేపు రాలేదు. అద్దె గది గోడ మీద రాయొద్దని ఊరందరికీ చెప్పే పిల్ల తానే గోడ మీద రాసి వదిలేసింది.

సగం నెల అద్భుతంగా గడిచింది. సాయంత్రమయ్యేసరికి బాబు సాహెబ్ గుమ్మంలో కుర్చీ వేసుకుని, వాచీ ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చునేవాడు. ముల్లు చేరడం, సైరన్ మోగడం, ఆయన తల ఊపడం. దారిన పోయేవాళ్ళు సలాం చెబితే, "మా జువేరియా పెట్టింది" అనేవాడు. ఆ మాట వింటున్నప్పుడు జువేరియాకి బెంగళూరు కూడా గుర్తొచ్చేది కాదు. అంత సంతోషం ఆ ఇంట్లో చాలా ఏళ్ళ తర్వాత అదే.

ఆ రోజు మదనపల్లెలో క్లాసు నడుస్తుండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. రోజూ మధ్యాహ్నం సైరన్ ప్రోగ్రాం సన్నగా ఒక బీప్ ఇస్తుంది, అంతా సరిగా ఉందని గుర్తు. ఆ రోజు బీప్ రాలేదు.

"కరెంటు పోయి పోయి వచ్చింది బేటా. పెట్టె వెలుగుతాండాది గాని సప్పుడు లేదు" అన్నాడు బాబు సాహెబ్. గొంతులో భయం దాచుకోలేకపోయాడు.

జువేరియా పక్క క్లాసులో పాఠం చెప్పే వనితని పిలిచి పిల్లల్ని అప్పగించి, ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్ నుంచే ఇంటి కంప్యూటర్‌లోకి వెళ్ళింది. లోపం త్వరగానే దొరికింది. కరెంటు వచ్చాక కంప్యూటర్ తన సౌండ్ కార్డుల వరస మార్చేసుకుంది. కంటైనర్ పాత నంబరు పట్టుకుని, లేని కార్డు కోసం వెతుకుతోంది. బయటి ఫైల్లో నంబరు మార్చింది. కొత్త నంబరు అందాలంటే పాత కంటైనర్ని తీసేసి కొత్తది పుట్టించాలి. రోజూ చేసే పనే, కళ్ళు మూసుకుని చేయగలదు. తీసేసింది, పుట్టించింది. సున్నం పడింది.

"వచ్చింది, వచ్చింది!" అన్నాడు బాబు సాహెబ్ ఫోన్లో. చిన్నపిల్లాడి గొంతు. జువేరియా నవ్వుకుని క్లాసుకి వెళ్ళిపోయింది. ఊరు సంగతి తలపుకే రాలేదు.

సాయంత్రానికి ఇల్లు చేరింది. కమరున్నీసా చాప మీద దస్తర్ గుడ్డ పరిచి, ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, గంజి గిన్నెలు సర్దింది. బాబు సాహెబ్ గుమ్మంలో కుర్చీలోనే ఉన్నాడు. సైరన్ మోగింది. మసీదులో అజాన్ మొదలైంది. సందంతా చేతులు గిన్నెల మీదికి వెళ్ళాయి. ఆయన మాత్రం ఖర్జూరం పట్టుకుని వాచీ వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఇంకా టైముండాది కదా" అన్నాడు మెల్లిగా.

దాహంతో ఉన్న జువేరియా ఆలోచించకుండా అనేసింది. "సైరన్ అయిపోయింది కదా అబ్బా, తీసుకోండి. మీ వాచీ వెనకపడినట్టుంది."

ఆయన కూతురి ముఖం చూశాడు. "అయ్యుంటాది" అని ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాడు. జీవితమంతా వాచీలని నమ్మిన మనిషి ఆ ఒక్క పూట కూతుర్ని నమ్మాడు.

గంజి సగం తాగేసరికి ఊరి పెద్ద మసీదు సైరన్ వినిపించింది. దాని వెనకే ఇంకో మసీదుది, ఇంకోటిది. సందు సందంతా నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా నిశ్శబ్దమైపోయింది. అందరూ ఒకేసారి తెలుసుకున్నారు. పొద్దున్నుంచి పట్టిన ఉపవాసం, ముసలివాళ్ళూ చంటిబిడ్డల తల్లులూ పట్టిన ఉపవాసం, పొద్దు గుంకకముందే విడిచేశారు.

జువేరియా గిన్నె వదిలేసి లేచింది. కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తే తెర మీద పేరు కనిపించింది, చెన్నై. వెనకే బాబు సాహెబ్ గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"పిల్లోళ్ళు ఎవరన్నా ముట్టుకున్నారా?"

"లేదబ్బా. నేనే. మధ్యాహ్నం కొత్తది పెట్టినప్పుడు ఊరు మారిపోయింది. లోపల మార్చినాను గాని బయట రాయలేదు."

ఆయన తెర మీది పేరు ఒకసారి చదువుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది ఆమెకి. బయట చెప్పుల చప్పుడు, మాటలు దగ్గరవుతున్నాయి. ఆయన వెళ్ళి మంచం మీద గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాడు. ఏం చేస్తున్నాడా అని జువేరియా తొంగి చూసింది. వాచీ పక్కనుండే కీని వేళ్ళతో పట్టుకోలేక, మణికట్టు నోటి దగ్గర పెట్టుకుని పళ్ళతో బయటికి లాగుతున్నాడు. తర్వాత వణికే వేళ్ళతో తిప్పాడు. జారింది, మళ్ళీ తిప్పాడు. ముళ్ళని ముందుకు జరుపుతున్నాడని ఆమెకి అర్థమయ్యేసరికి తాహిర్, ఇంకో ఇద్దరు పెద్దలు లోపలికి వచ్చేశారు.

బాబు సాహెబ్ వాళ్ళని మాట్లాడనివ్వలేదు. "కంప్యూటర్ పొద్దున్నించి పని చేయలా భాయ్. నేనే మసీదు పైకి పోయి స్విచ్ వేసినా. నా వాచీ ముందుకు పోతాండాది. నాకు తెలీలా. సూడండి."

చెయ్యి చాచి చూపించాడు. వాచీ ఏడు నిమిషాలు ముందుంది. వచ్చినవాళ్ళలో ఒకాయన నమ్మలేనట్టు, "గడియారాల బాబు సాహెబ్ వాచీయేనా ఇది!" అన్నాడు. ఆ మాటకి ముసలాయన తల దించుకున్నాడు. జువేరియా నోరు తెరిచింది. వెనక నుంచి తల్లి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. తండ్రి తలెత్తి చూసిన చూపులో బతిమాలడం ఉంది. ఆమె నోరు మూసుకుంది.

తెలియక జరిగింది కాబట్టి పాపం లేదని, పండగయ్యాక అందరూ ఒక రోజా తిరిగి ఉండాలని ఇమాం సాహెబ్ మసీదులో చెప్పారు. ఎవరూ గొడవ చేయలేదు. మర్నాడు మసీదువాళ్ళే వచ్చి గోడ మీది వైరు ఊడదీసుకుపోయారు. "మీరు రెస్టు తీసుకోండి భాయ్" అన్నాడు తాహిర్. ఆ రాత్రి నుంచే బాబు సాహెబ్ మాట తగ్గిపోయింది.

ముప్పై ఏళ్ళ పేరు పోవడానికి ముప్పై ఏళ్ళు పట్టదు. అప్పటిదాకా అప్పుడో ఇప్పుడో ఒక ముసలాయన పాత వాచీ తెచ్చి, చెయ్యి వణికినా పర్వాలేదు నువ్వే చూడు అనేవాడు. వాళ్ళూ రావడం మానేశారు. తప్పు టైము చూపించే వాచీ పెట్టుకున్నవాడి దగ్గరికి వాచీ ఎవడు తెస్తాడు? పోనీ దాన్ని సరిచేసుకుంటాడా అంటే అదీ లేదు. ఎవరైనా చూస్తే అబద్ధం బయటపడుతుందని అలాగే ఉంచాడు. కుర్చీ గుమ్మంలోంచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

"యాల చెప్పినారబ్బా అట్లా?" అని అడిగింది జువేరియా, ఉండబట్టలేక.

"ఈ సందులో ఆడపిల్లోళ్ళని నీ దగ్గరికి ఎంత ఆలోచించి పంపుతాండారో నీకు తెలీదా బేటా? కంప్యూటర్ మూలంగా రోజా పాడైందని ఒక్క మాట పుట్టిందంటే రేపటికి ఒక్క పిల్ల రాదు. నాదేముండాది, మూసేసిన అంగడి."

ఆమె ఏడ్చింది. ఆయన వణికే చెయ్యి ఆమె తల మీద పెట్టాడు. ఆ చెయ్యి బరువు కూడా ఆమెకి నిప్పులాగే తగిలింది.

ఆదివారం పిల్లలు ఎప్పటిలాగే వచ్చారు. వాళ్ళకి కంటైనర్ పాఠం చెప్పబోయి ఆపేసింది. మదనపల్లెలో వనితకి చెప్పుకుంది. వనిత సూటి మనిషి. "పోయి చెప్పేయ్ జువేరియా. పిల్లోళ్ళు రాకపోతే పోనీ. ఆయప్ప పేరు ఆయప్పకి రానీ" అంది. ఆ మాట జువేరియాని రెండు రోజులు నిలవనీయలేదు. పండగ ఇంకా రాకముందే, మదనపల్లె నుంచి వస్తూ ఒక సాయంత్రం బస్సు దిగి, ఇంటికి పోకుండా నేరుగా తాహిర్ చింతపండు గోడౌనుకి వెళ్ళింది.

నిలబడే అంతా చెప్పింది. కంటైనర్, చెన్నై, బయట రాయని ఫైలు, పళ్ళతో లాగిన వాచీ కీ. తాహిర్ మధ్యలో ఆపలేదు. ఆమె చెప్పడం అయ్యాక గోనెసంచి మీద దుమ్ము దులిపి కూర్చోమన్నాడు.

"మాకు తెలుసమ్మా."

కూర్చోబోయిన జువేరియా మళ్ళీ నిలబడింది.

"మీ అబ్బా నమాజు కూడా కింద కుర్చీలో కూర్చుని చదువుతాడు. ఆ మెట్లెక్కి పైకి పోయి స్విచ్ వేసినాడంటే ఎవరు నమ్ముతారు? ఆ పొద్దు మేం ముగ్గురం వాకిలి దాటకముందే అనుకున్నాం, ఈయన బిడ్డని కాపాడుకుంటాండాడని."

"మరి యాల ఒప్పుకున్నారు చిచ్చా?"

"ఆయన ఇన్నేళ్ళలో మమ్మల్ని అడిగింది అదొక్కటే. అడిగింది కూడా నోటితో కాదు. ఎట్ల కాదంటాం?" తాహిర్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నువ్వు ఇప్పుడు పోయి అందరి ముందర నిజం చెప్పినావనుకో. తప్పు నీదని తేలతాది, సరే. రంజాన్ నెలలో అంతమంది ముందర అబద్ధం చెప్పినాడని ఆయనకీ పేరొస్తాది. వాచీ తప్పింది అనేది చిన్న మాటమ్మా. ఆయన మాట తప్పినాడంటే ఎట్ల బతుకుతాడు? మేం నమ్మినామని ఆయన అనుకుంటాండాడు. అట్లే అనుకోనీ."

తన తప్పుని తాను మోసే హక్కు కూడా లేకుండా పోయింది. ఇన్నాళ్ళూ నిజం చెబితే ఈ బరువు దిగుతుందని కనీసం ఒక ఆశ ఉండేది. గోడౌన్ బయటికి వచ్చేసరికి అదీ లేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. లోపలి గదిలో దస్తర్ పరిచి ఉంది. బాబు సాహెబ్ దాని పక్కన కుర్చీలో, తలుపు వైపు చూస్తూ ఉన్నాడు. ఆమెని చూడగానే ఆయన ముఖం తేటపడింది.

"ఇంతసేపు యాడికి పోయినావు బేటా?"

జువేరియా చున్నీ సర్దుకుంది. ఆ రోజు ఆమె రోజాలో ఉంది. ఇంకా విడవలేదు. ఆ నోటితోనే చెప్పింది.

"యాడికీ లేదబ్బా. మదనపల్లెలో బస్సు లేటయింది."

"అవునా" అన్నాడు ఆయన, నమ్మి. "పోనీలే, వచ్చినావు కదా. రా, కూర్చో."